తోటపని ఇష్టము లేనివారి తోట

మొక్కలంటే ప్రాణము పెట్టేవారి కొరకు ఇదివరకే ఎన్నో పుస్తకములున్నవి. ఈ నాలుగు మాటలు వారి కొరకు కాదు. తెల్లవారుజామున లేచి ఊడ్పులకో, కలుపుకో, చేపల చెరువు పనికో పోయి, పొద్దుగూకిన తరువాత ఇల్లు చేరేవారి కొరకు. వారిని ఇంటి ముందు ఒక మొక్క వేసుకోండి అంటే, "అయ్యగారూ, పొలములో పొద్దస్తమానము చూసిన పచ్చదనము చాలదా?" అని నవ్వుతారు. ఈ మాట మేము చాలా ఇళ్ళలో విన్నాము. అది సోమరితనము కాదు, అలసట. పరుల చేలో దినమంతా వంగిన నడుము ఇంటి దగ్గర మళ్ళీ వంగమంటే వంగదు.

తోట అనే మాటకు ఇక్కడ మేము పెట్టుకొన్న అర్థము కూడా చిన్నదే. మధ్యాహ్నము ముసలివారు నులక మంచము వేసుకొనేందుకు కాస్త నీడ. చారులోకి నాలుగు రెబ్బల కరివేపాకు, పులుసులోకి రెండు మునగకాడలు. ఆదివారము గుడిలో బల్ల మీద పెట్టేందుకు నాలుగు పువ్వులు. ఇంతకు మించి ఆశ లేదు. ఇంతమాత్రము దక్కేందుకు ఎంత పని చేయాలి, ఎంత పని మానవచ్చును అన్నదే మా విచారము.

ఈ చిక్కుకు ఈ మధ్య అందరికీ దొరికిన సుళువైన జవాబు సిమెంటు. ఆవరణమంతా సిమెంటు చేయించి, పైన గరుకు టైల్సు పరచి, గేటు దగ్గర రెండు ప్లాస్టిక్ కుండీలు పెడితే పని తీరిపోతుందనుకొంటున్నారు. బురద లేదు, పాము భయము లేదు, ఒక్కసారి చీపురు వేస్తే చాలును. ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని రోహిణి కార్తె వచ్చేసరికి ఆ సిమెంటు పగలు తాగిన ఎండను రాత్రి పదింటి వరకు కక్కుతూనే ఉంటుంది. వాన వస్తే ఇంకేందుకు చోటు లేక నీరు పక్కవారి గుమ్మములోకి పోతుంది. మన ప్రాంతములో ఇంకొక నష్టము కూడా ఉన్నది. సముద్రపు దగ్గరి ఇసుక నేలల్లో పై బావిలో దొరికే మంచినీరు వాన ఇచ్చినదే. అది లోపలి ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. వాననీరు ఇంకే చోటు తగ్గిన కొద్దీ ఆ పొర పలుచబడి, తోడిన నీటికి ఉప్పు తగులుతుంది.

మేమెరిగిన ఒక సంఘములో గుడి ఆవరణమంతా ఇట్లాగే సిమెంటు చేయించి, మధ్యనున్న కానుగ చెట్టును కొట్టించాలని పెద్దలు అనుకొన్నారు. చెట్టు మీద కోపము కాదు, రాలిన ఆకు ఊడ్చేవారు లేరు. ఒక వారము ఆగండి, గుడివాడ నుండి దివిసీమ వరకు మన గుళ్ళు, ఇళ్ళు, సమాధుల తోటలు చూచి వద్దాము, ఎవరూ పట్టించుకోకుండానే ఏవేవి బ్రతుకుతున్నవో కనుక్కొని వద్దాము అని మేము అన్నాము. ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజము తరఫున ఒక సహోదరి, మేము, మా ఇంటివారు, మొత్తము ఐదుగురము బయలుదేరాము. చివరికి ఆ సంఘమువారు ఏమి చేశారో ఇక్కడే చెప్పివేస్తాము. గేటు నుండి గుడి మెట్ల వరకు వీల్‌చైరు పట్టేటంత వెడల్పున సిమెంటు దారి వేశారు. చెప్పులు విడిచే చోట మరికొంత వేశారు. మిగిలిన నేలను నేలగానే వదిలారు. కానుగ బ్రతికినది. ఆకు సంగతి ఎట్లా తేలినదో కొంచెము ఆగి చెబుతాము.

మృగశిర కార్తెకు ముందు వారము బయలుదేరాము. కావాలనే ఆ రోజులు ఎంచుకొన్నాము. వానాకాలములో అన్ని మొక్కలూ బాగానే ఉంటవి, అప్పుడు చూస్తే ఏమీ తెలియదు. కాలువలు కట్టేసి రెండు నెలలై, చెరువులు అడుగంటి, వడగాలి కొట్టి వెళ్ళిన తరువాత ఏది పచ్చగా నిలిచి ఉన్నదో అదే మనకు పనికివచ్చే మొక్క.

గుడివాడ చుట్టుపట్ల ఉన్నది నల్లరేగడి. వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. శ్రావణములో కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత ఈ నేల వరికి బంగారమైనది. ఇంటి మొక్కకు మాత్రము ఇది కఠినమైన నేల. మొక్క నాటాలంటే మోకాటి లోతు గొయ్యి తవ్వి, మెత్తని మట్టి, ఎరువు నింపమని పుస్తకములలో ఉంటుంది. జిగట నేలలో ఆ గొయ్యి ఒక గిన్నె వంటిదవుతుంది. చుట్టూ పడిన వాన అందులోకి దిగుతుంది, బయటకు పోయే దారి ఉండదు, వేరు కుళ్ళుతుంది. మొక్క చచ్చిన తరువాత ‘మా చేతికి మొక్క రాదండీ’ అంటారు. చేతిలో దోషమేమీ లేదు. గుడ్లవల్లేరు వైపు ఒక పెద్దాయన మాతో, "మేము గొయ్యి తియ్యమండీ, దిబ్బ వేస్తాము" అన్నారు. పార మునిగేటంత మేర నేలను గుల్ల చేసి, దాని మీద చెరువుమట్టి నాలుగు తట్టలు జానెడు ఎత్తున పోసి, మొక్కను ఆ దిబ్బ మీద పెడతారు. నీరు నిలవదు. వేరు తన దారి తాను చూచుకొంటుంది. ఆయన దొడ్డిలో నేరేడు, జామ, కరివేపాకు మూడూ అట్లా పెరిగినవే.

ఇక్కడ రైసు మిల్లులకు కొదువ లేదు కాబట్టి ఊక దొరుకుతుంది. మొక్క మొదట నాలుగు వేళ్ళ మందమున ఊక పరచి, ఎగిరిపోకుండా దాని మీద వరిగడ్డి కప్పితే నేల తడి ఆరదు, కలుపు లేవదు. ఊకను మట్టిలో కలపరాదు, పైన పరచాలి. కాండానికి తగలకుండా బెత్తెడు ఎడము ఉంచాలి, లేకపోతే చెదలు పడుతుంది. ఇంటి గోడకు ఆనుకొని ఇట్లా కప్పు వేయవద్దు. ఎలుకలు చేరుతవి, వాటి వెనుక పాములు వస్తవి. మన వరి పొలాల ఊళ్ళలో కట్లపాము, రక్తపింజర ఊరికే చెప్పే భయము కాదు. పొద ఏదైనా గోడకు రెండు బారల దూరములో ఉండవలెను. పొదకూ గోడకూ మధ్య నేల కనబడుతూ ఉండవలెను.

స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే చోట అరటి, చేమ, మెట్టతామర తప్ప ఇంకేమీ వేయనక్కరలేదు. ఈ మూడింటికీ ఎవరూ నీళ్ళు పోయరు, ఎవరూ మరచిపోరు. మనము స్నానము చేసినంత కాలము అవి బ్రతుకుతవి. బురద గుంటగా దోమలు పెంచే చోటే కూర, పువ్వు, అరిటాకు ఇస్తుంది. ఈ పని మన అమ్మమ్మల కాలము నుండి ఉన్నదే. కొత్త ఇళ్ళలో ఆ నీటిని గొట్టము గుండా రోడ్డు మీదికి తోసివేస్తున్నాము కనుక మళ్ళీ చెప్పవలసి వచ్చినది.

నీడ చెట్ల విషయములో మన గుళ్ళ ముందర తురాయి చెట్లు ఎక్కువ. వేసవిలో ఎర్రని పువ్వులు ఎంతో అందము. కాని వేళ్ళు పైపైనే పాకుతవి, కొమ్మలు పెళుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము మీద పడినప్పుడు రోడ్ల పక్కన తురాయి, పచ్చతురాయి వంటి చెట్లు వేలకు వేలు కూలినవి. వేప, కానుగ వాటికంటె బాగా తట్టుకొన్నవి. మన తీరములో అక్టోబరు, నవంబరు నెలలు ఎట్లా గడుస్తవో పాఠకులకు చెప్పనక్కరలేదు. గుడి పైకప్పు పక్కన పెళుసు చెట్టును పెంచడమంటే ప్రతి తుఫానుకూ దానికి కాపలా కాయడమే. కొమ్మలు నరికించేవారిని వెదకుట, కూలి ఇచ్చుట కూడా తోటపనిలోనివే కదా.

ఇప్పుడు ఆకు సంగతి. మేము తిరిగిన ఇళ్ళన్నిటిలో ఆడవారిని ఒకే ప్రశ్న అడిగాము: మొక్కల వలన మీకు ఎక్కువ పని ఏది? నీళ్ళు పోయుట అని చెబుతారనుకొన్నాము. అందరూ ఊడ్చుట అని చెప్పారు. వాకిలి అద్దములా ఉండాలన్నది మన ఊళ్ళ పట్టుదల. చెట్టు మగవాడు నాటుతాడు, చెట్టు నాటానని చెప్పుకొంటాడు. రోజూ తెల్లవారుజామున దాని ఆకు ఊడ్చేది కోడలు. బాదము చెట్టు వేసిన ఒక ఇంటి కోడలు, "మా మామయ్య గారు నీడ కోసము వేశారండీ, నేను ఏడు సంవత్సరముల నుండి దాని కింద నిలబడనే లేదు, ఊడుస్తూనే ఉన్నాను" అన్నది. మా పెద్దలిద్దరూ ఆ మాటకు తల వంచుకొన్నారు. తోటపని ఇష్టము లేదనే ఇంటిలో తోట పని లేకుండా పోదు, ఇష్టాయిష్టములు ఎవరూ అడగని మనిషి మీద పడుతుంది. అందువలన ఏ చెట్టు వేయాలన్న నిర్ణయము చీపురు పట్టే మనిషి చేయవలెనని మా అభిప్రాయము.

మాతో వచ్చిన పెద్దలలో ఒకరు వ్యవసాయదారులు. దారిలో ఆయనే అన్నారు, "మా నాయన కానుగ ఆకు కోసము బండి కట్టుకొని పొరుగూరు పోయేవాడు, మళ్ళలో పచ్చిరొట్టగా తొక్కేవాడు. మేము దాన్ని చెత్త అని తగలబెడుతున్నాము." ఆ మాట నుండే ఉపాయము దొరికినది. తిరిగి వచ్చిన తరువాత ఆ కానుగ చుట్టూ రెండు బారల దూరములో, మోకాటి ఎత్తున పాత ఇటుకలతో గుండ్రముగా గోడ కట్టారు. ఆకు అందులోనే ఎక్కువ భాగము రాలుతుంది. బయట రాలినదాన్ని నాలుగడుగులు ఊడ్చి లోపల వేస్తే చాలును. బయటికి మోయుట లేదు, తగలబెట్టుట లేదు. వాన పడగానే అది అణిగి మట్టి అవుతుంది. గోడ మీద జనము కూర్చుంటున్నారు.

గుడివాడ నుండి కవుతరము, పెడన మీదుగా బందరు దగ్గరపడేకొద్దీ గాలి మారుతుంది. గులాబి, మల్లె వంటి సుకుమారములకు ఈ ఉప్పుగాలి సరిపడదు. ఈ ఊరు సముద్రము వలన పెరిగినది, సముద్రము వలననే దెబ్బ తిన్నది. వలందులు, ఇంగ్లీషువారు, పరాసులు వరుసగా వర్తకానికి వచ్చి దిగిన ఊరు ఇది. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అన్న పేర్లు ఇంకా ఉన్నవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఈ ఊరూ చుట్టుపట్ల గ్రామములూ కలిసి దాదాపు 30,000 మంది పోయారు. అప్పటికి రాబర్టు టర్లింగ్టన్ నోబుల్ గారు ఇక్కడే ఉన్నారు. 1841లో వచ్చి, 1843లో పాఠశాల పెట్టి, 1865లో ఈ ఊరిలోనే కన్ను మూశారు. ఆ పాఠశాలయే నేటి నోబుల్ కళాశాల.

బందరులో మేము ముఖ్యముగా చూడగోరినది సమాధుల తోటలు. ఎందుకంటే ఎవరూ పట్టించుకోని తోట అంటే అదే. సంవత్సరమునకు ఒకసారి నవంబరు 2వ తేదీకి ముందు గడ్డి చెక్కించి, సున్నము కొట్టించి, పువ్వులు పెట్టి వస్తాము. మళ్ళీ ఎవరైనా ప్రభువునందు నిద్రించితే తప్ప అటు పోము. పన్నెండు నెలలలో పదకొండు నెలలు మనిషి చేయి పడని ఆ చోట ఏవి బ్రతుకుతున్నవో అవే మన ఇంటికి పనికివస్తవి కదా. ఊరిలోని సమాధుల తోటలలో మాకు మాటిమాటికి కనబడినవి మూడు: దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, గరిక. దేవగన్నేరు కొమ్మ విరిచి, పాలు ఆరేవరకు నాలుగు దినములు నీడలో పెట్టి పాతితే చాలును, వేరు పట్టుతుంది. చలికాలములో ఆకు రాల్చుకొని మొండి కొమ్మలతో నిలబడుతుంది, చచ్చినదనుకొని పీకివేయరాదు. పురావస్తు శాఖవారి సంరక్షణలో ఉన్న వలందుల సమాధులు కూడా చూశాము. పదిహేడవ శతాబ్దపు రాళ్ళ మీద చెక్కిన అక్షరములు, వంశ చిహ్నములు ఇంకా స్పష్టముగా ఉన్నవి.

బిళ్ళగన్నేరును గూర్చి ఒక మాట. దీనిని మనము పిచ్చి మొక్కగా చూస్తాము. ఇది మడగాస్కరు దీవి నుండి లోకమంతా పాకినది. ఉప్పుగాలికి బెదరదు, మేక ముట్టదు, తన విత్తనము తానే చల్లుకొంటుంది, పన్నెండు మాసములు పూస్తుంది. 1952లో జమైకా నుండి ఒక కవరులో ఈ మొక్క ఆకులు కెనడాలోని ఒక వైద్యునికి వచ్చినవి. ఆ దీవిలో చక్కెర వ్యాధికి ఈ ఆకు కషాయము తాగుతారట, పరీక్షించి చూడండి అని. ఆయన వాటిని పరిశోధకుడైన తన తమ్మునికి ఇచ్చారు. చక్కెర వ్యాధి మాట అటుంచి, రక్తములోని తెల్ల కణములు తగ్గిపోవుట ఆ తమ్ముడు గమనించారు. 1958 నాటికి ఆయనా, చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తా కలిసి ఈ మొక్క నుండి క్యాన్సరు మందు ఒకటి వేరు చేశారు. తరువాత ఇదే మొక్క నుండి వచ్చిన మరొక మందు పిల్లల రక్త క్యాన్సరుకు నేటికీ వాడుతున్నారు. ఆ తమ్ముని పేరు రాబర్టు నోబుల్! మన బందరు నోబుల్ గారి పేరే. (ఇది చదివి ఎవరూ ఇంటి వద్ద ఆకు నమిలి వైద్యము చేసుకోవద్దు. పచ్చి ఆకు విషము. మేక ముట్టకపోవుటకు కారణము కూడా అదే.)

విషము మాట వచ్చినది గనుక ఇక్కడే చెప్పాలి. నీళ్ళు అడగదు, మేక తినదు అని చాలా ఇళ్ళ ముందు పచ్చగన్నేరు వేస్తారు. దాని కాయలోని పిక్క ప్రాణాంతకము. ఎర్రగన్నేరు కూడా ఆకు మొదలు వేరు వరకు విషమే. చిన్న పిల్లలున్న ఇంటిలో, మనసు బాగులేని మనిషి ఉన్న ఇంటిలో, బడి ఆవరణలో ఇవి ఉండరాదు. ఎంత సులువుగా పెరిగినా సరే. పాస్టర్లుగా మేము అర్ధరాత్రులు ఆసుపత్రుల వరండాలలో నిలబడి ఉన్నాము, ఇంతకంటె వివరించము. అటువంటి చోట గోరింట కంచె వేసుకోండి. కత్తిరించినా పెరుగుతుంది, కత్తిరించకపోయినా పెరుగుతుంది.

సులువైన మొక్క అని ఈ మధ్య రోడ్ల మధ్యనా, కాలేజీ ఆవరణలలోనూ వేసిన మరొకటి కోనోకార్పస్. పచ్చని స్తంభములా నిటారుగా పెరిగే చెట్టు అది. పశువు ముట్టదు, ఎండకు వాడదు. పుప్పొడి వలన ఉబ్బసము వారికి ఇబ్బంది అనీ, వేళ్ళు గొట్టములను పగులగొట్టుతవనీ చెప్పి 2023లో గుజరాతు ప్రభుత్వము దాని నాటకమును నిషేధించినది. పని తక్కువ అన్న ఒక్క గుణము చూచి మొక్కను ఇంటికి తీసుకొని రాకూడదు.

పువ్వుల మాటకు వస్తే కనకాంబరము, చంద్రకాంత, డిసెంబరు పువ్వులు అనే మూడింటిని మేము గట్టిగా సిఫారసు చేస్తాము. చంద్రకాంత నేలలో దుంప దాచుకొంటుంది, పైన ఎండినా తొలకరికి లేస్తుంది. డిసెంబరు పువ్వుల పొద పదకొండు మాసములు ఎవరి కంటా పడకుండా ఉండి సరిగ్గా క్రిస్మసు ముందు ఊదా రంగున విరబూస్తుంది. క్రిస్మసు తరువాత జానెడు ఎత్తుకు కోసివేస్తే సరి, ఇంకేమీ చేయనక్కరలేదు.

మరునాడు చల్లపల్లి మీదుగా దివిసీమకు పోయాము. చల్లపల్లిలో ఆగవలెను. 2014 నవంబరులో డాక్టరు డి.ఆర్.కె. ప్రసాద్ గారు, డాక్టరు పద్మావతి గారు, వారితో కలిసిన ఊరివారు మొదలుపెట్టిన స్వచ్ఛ చల్లపల్లి పని గూర్చి పాఠకులు వినియుందురు. తెల్లవారక ముందే లేచి చీపుర్లు, పారలు పట్టుకొని ఊరి రోడ్లు శుభ్రము చేసి, పక్కన మొక్కలు నాటి పెంచారు. మురుగు ఉన్న చోట పూలబాట చూచి మా సహోదరి చాలాసేపు మాట్లాడలేదు. అయితే అది ప్రేమగలవారి తోట. చేతులున్నంత కాలమే ఉంటుంది. సేరంపూరులో విలియం కేరీ గారికి కూడా తోట అంటే అంత ప్రాణము. 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘమునే స్థాపించారు. చివరి జబ్బులో ఆయనకున్న దిగులు ఏమనగా, నేను పోగానే మార్ష్‌మన్ సహోదరుడు నా తోటలోకి ఆవులను తోలుతాడు అని! పాస్టర్లము మూడు సంవత్సరములకో ఐదింటికో బదిలీ అయ్యేవారము, ఈ దిగులు మాకు బాగా అర్థమవుతుంది. గులాబీలు పెంచిన పాస్టరమ్మగారు వెళ్ళి, మొక్కల ఊసు లేని పాస్టరమ్మగారు వస్తే ఆరు మాసములలో ఆ తోట ఉండదు. గుడి ఆవరణలో వేసేది, ఆవులు వచ్చినా నిలిచేదై ఉండాలి.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య సముద్రము వరకు ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరు వైపు పోయేకొద్దీ కాలువ సన్నబడుతుంది. వేసవిలో ఆ చివరి ఊళ్ళలో బిందెలు వరుసగా పెట్టుకొని ట్యాంకరు కోసము చూస్తారు. అటువంటి చోట మొక్కకు పోసే చెంబెడు నీరు మనిషి నోటి దగ్గరిది. నీరు అడిగే తోటను అక్కడ వేయమని చెప్పే హక్కు మాకు లేదు. తొలి రెండు వేసవులు దాటించుటకు ఒక పద్ధతి మాత్రము చూశాము. పాత కుండ అడుగున సన్నని చిల్లు పెట్టి, చిల్లులో గుడ్డపేలిక దూర్చి, మొక్క పక్కన మెడ వరకు పాతుతారు. వారానికి ఒకసారి నింపి మూత పెడతారు. నీరు చుక్క చుక్కగా వేరుకే పోతుంది. బియ్యము కడిగిన నీరు చాలును.

1977 నవంబరు 19, శనివారము నాటి ఉప్పెనలో ఈ సీమలో ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకొని పోయినవి. పదివేల మందికి పైగా పోయారు. ఆ రాత్రి తాటిచెట్లను, తుమ్మచెట్లను కరచుకొని బ్రతికినవారు ఇంకా ఉన్నారు. చెట్టు అంటే వారికి నీడ మాత్రమే కాదు. తరువాత తీరము పొడవునా ఇసుకలో సరుగుడు తోటలు వేశారు. గాలిని ఆపుటకు వరుసలుగా సరుగుడు మంచిదే, కాని తడి నేలలో ఇంటి పక్కన ఒంటిగా ఒక్క చెట్టు వద్దు, వేరుతో పడిపోతుంది. హంసలదీవి వైపు మడ అడవి ఉన్నది. తోటమాలి లేని తోట అంటే అదే. పాడైపోయిన మడ నేలలను తిరిగి బ్రతికించుటకు 1990ల చివర నుండి స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీ శాఖవారు కలిసి చేప ముల్లు ఆకారములో కాలువలు తవ్వారు. పోటునీరు లోపలికి వచ్చి ఆటుకు తిరిగిపోయేట్లు చేసి మొక్క నాటారు. నిలిచిన నీటిలో ఎండకు ఉప్పు పేరుకొని మొక్క చస్తుంది. పోటు, ఆటు సరిగా నడిస్తే రోజుకు రెండుసార్లు ఆ తోటకు నీరు పెట్టేది సముద్రమే.

కోడూరు అవతల ఒక ఊరిలో ఒక మామ్మగారి ఇంటి ముందు మూడు గంగరావి చెట్లు చూశాము. అంతటి ఎండలో ముదురు పచ్చని ఆకు, పసుపు పువ్వు. ఉప్పెన నాటికి ఆమెకు పెండ్లయి రెండేండ్లట. ఆ సంవత్సరము ఇంటి నేలంతా ఉప్పు, ఏమి వేసినా రాలేదు. ఎవరో గంగరావి కొమ్మలు తెచ్చి కంచెకు గుంజలుగా పాతారు. గుంజలు చిగిర్చినవి.

"నీళ్ళు పోశారా మామ్మగారూ?" అని అడిగాము.

"తాగడానికే లేకపోతే చెట్టుకెక్కడివి అయ్యగారూ? అదే బతికింది."

"మేకలు ముట్టవా?"

"ముట్టకేం, ఇష్టంగా తింటాయి. అందుకే నిలువెత్తు కొమ్మ పాతాలి. చిగురు పైన వేస్తుంది, మేకకు అందదు."

మా పెద్దలిద్దరూ ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. చిన్న మొక్క తెచ్చి, చుట్టూ ముళ్ళకంప కట్టి, అది ఊడిపోయి, మేక తిని, మళ్ళీ మొక్క తెచ్చి — ఇన్ని సంవత్సరముల పని ఒక్క మాటతో తప్పినది. మణికట్టు లావున, ఆరడుగుల కొమ్మ. అడుగు భాగము ఏటవాలుగా నరికి, మూరెడు లోతు పాతి, చుట్టూ మట్టి గట్టిగా తొక్కాలి. పైన కోసిన చోట ఎండిపోకుండా పేడ ముద్ద పెట్టాలి. తొలకరి వారములో పాతితే నీళ్ళు పోయనక్కరలేదు.

ఆమె మనుమడు ఆరు కొమ్మలు కొట్టి తాడుతో కట్టి ఇచ్చాడు. మూడవ దినమున మా పెద్దలు వాటిని గుడి ప్రహరీ పక్కన పాతారు, ఆ వారమే వాన పడినది. ఆరింటిలో నాలుగు చిగిర్చినవి. ఒకటి ఎండిపోయినది. మరొకటి చిగిర్చకపోవుట చూచి పీకితే, తలక్రిందులుగా పాతినట్లు తెలిసినది.